వీధి చూసి ఇల్లు చూడండి

ఈ దసరాకు కుందారపల్లిలో మా ఇంటి అరుగుమీద కూర్చుని ఉండగా మా తమ్ముడి కూతురు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. హోసూరులో చూసి వచ్చిన మూడు ఇళ్ళ వివరాలు అందులో ఉన్నాయి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, గదులెన్ని, బండి పెట్టుకునే చోటుందా, బాల్కనీ ఉందా, అన్నీ గళ్ళు గీసి వరసగా రాసింది. అల్లుడికి హోసూరు సిప్‌కాట్‌లో ఉద్యోగం వచ్చింది. అమ్మాయి పనిచేసేది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో. పాపకు నాలుగేళ్ళు. వచ్చే జూన్‌కు బడిలో వెయ్యాలి.

"పెదనాయనా, బ్యాంకులో ఎన్ని ఇండ్ల లోన్లు చూసుంటావో. ఈ మూడిట్లో ఏది తీసుకునేది చెప్పు" అంది.

కాగితం పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాను. గోడల సంగతంతా ఉంది. తాగే నీళ్ళు ఎక్కడివి, బడి ఎంత దూరం, పక్కింట్లో ఎవరు, ఈ మూడూ లేవు. "ఇవి ఇండ్లమ్మా. వీధులేవీ?" అన్నాను. పిల్ల నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

బదిలీల మీద, ఉద్యోగాల మీద ఊళ్ళు మారే కుటుంబాలు మన సంఘంలో సగానికి పైగా ఉంటాయి. ఒకరు హోసూరుకు వస్తే, ఒకరు పుణేకు, ఇంకొకరు సూరత్‌కు. ఊరు ఏదైనా, చంకలో చిన్నపిల్లతో కొత్త ఊళ్ళో ఇల్లు వెతకడం ఒకటే తంటా. కనుక మా ఇంట్లో జరిగిన చర్చ అందరికీ పనికొస్తుందనుకుని రాస్తున్నాను.

బద్దెన చెప్పిన నాలుగు

ఎలాంటి ఊళ్ళో కాపురముండాలో సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు. చిన్నప్పుడు మనందరం కంఠస్థం చేసిన పద్యమే. అవసరానికి అప్పు ఇచ్చేవాడు, వైద్యుడు, ఎండిపోకుండా పారే ఏరు, ద్విజుడు, ఈ నాలుగూ ఉన్న ఊళ్ళో ఉండమన్నాడు, లేని ఊళ్ళో కాలు పెట్టవద్దన్నాడు. మొదటి స్థానం మా శాఖవారికే ఇచ్చినందుకు బ్యాంకు ఉద్యోగులందరం ఆయనకు రుణపడి ఉన్నాం. ద్విజుడు అనే మాటను ఈ కాలానికి చదువు చెప్పేవాడని అర్థం చేసుకుంటే, ఆ నాలుగు నేటికీ చెల్లుతాయి. ఒక్క వరస మాత్రం నేను మారుస్తాను. చిన్నపిల్లలున్న ఇంటికి మొదట చూడవలసింది ఏరు.

వీధి ప్రభావం పెద్దలకన్నా పిల్లల మీద ఎక్కువ. ఇది నా మాట కాదు. అమెరికాలో 1994లో ప్రభుత్వం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అయిదు నగరాల్లో బీదపేటల్లో ఉండే కుటుంబాలకు లాటరీ తీసి, మెరుగైన పేటలకు మారడానికి అద్దె సాయం చేసింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక హార్వర్డ్ ఆర్థికవేత్త రాజ్ చెట్టి, ఆయన సహచరులు లెక్కలు తీసి 2015లో ప్రకటించారు. పదమూడేళ్ళు నిండకముందు మారిన పిల్లల సంపాదన, పాతికేళ్ళ ప్రాయానికి, మారని కుటుంబాల పిల్లల సంపాదన కన్నా 31 శాతం ఎక్కువగా ఉంది. పదమూడు దాటాక మారినవారికి ఆ లాభం కనబడలేదు. మన పరిస్థితులు వేరే కావచ్చు. కానీ పసివయసులో ఏ వీధిలో పెరిగారన్నది పిల్లల వెంట చాలా దూరం వస్తుందన్న మాట మనకూ వర్తిస్తుంది.

మా ప్రాంతపు ఉదాహరణే కావాలంటే, రాజాజీ పుట్టింది హోసూరు పక్కన తొరపల్లిలో, 1878 డిసెంబరు 10న. తండ్రి ఆ ఊరి మునసబు. పిల్లవాడికి అయిదేళ్ళప్పుడు కుటుంబం హోసూరుకు మారింది, అక్కడి బడిలో చేర్చారు. ఆ తరువాత బెంగళూరు సెంట్రల్ కాలేజీ, మద్రాసు, చివరికి 1948లో ఢిల్లీలో గవర్నర్ జనరల్ భవనం. ఆ ప్రయాణంలో మొదటి మజిలీ తొరపల్లి నుంచి హోసూరుకు.

ముందు నీళ్ళు

ఇక నాకు నవ్వు రాని కారణం.

2001లో ఈ ప్రాంతంలోనే ఒక శాఖకు నాకు బదిలీ అయింది. మా అబ్బాయికి అప్పుడు రెండేళ్ళు. ఊరి చివర కొత్త కాలనీలో విశాలమైన ఇల్లు దొరికింది. ముందు ఖాళీ స్థలం, గాలీ వెలుతురూ, అద్దె తక్కువ. నీళ్ళకు సొంత బోరు. పంపు తిప్పితే కొబ్బరి నీళ్ళలా తేటగా వచ్చేవి. ఎంత అదృష్టం అనుకుని అయిదేళ్ళు అక్కడే ఉన్నాం.

వాడికి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చాయి. ముందరి పళ్ళ మీద సున్నం పూసినట్టు తెల్లటి చారలు, వాటి మధ్య గోధుమరంగు మచ్చలు. బాగా తోముకోవడం లేదని వాణ్ణి రోజూ కోప్పడ్డాను. పళ్ళడాక్టరు చూసి ఒకటే ప్రశ్న వేశాడు: "ఏ నీళ్ళు తాగుతున్నారు?" అది ఫ్లోరోసిస్. తోమితే పోయేది కాదు.

ఆ వీధి పిల్లల పళ్ళు కూడా అలాగే ఉండేవి. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజే చూశాను. శుభ్రత లేని పిల్లలని నాలో నేను అనుకున్నాను. డాక్టరు దగ్గరి నుంచి వచ్చి పక్కింటావిడతో ఈ మాట అంటే, "ఇక్కడి నీళ్ళే అంత సార్. మీరు అడగలేదు కదా, అడిగుంటే చెప్పేదాన్ని" అంది. మా కుందారపల్లి శుక్రవారం సంతలో మేకను కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పిల్లవాణ్ణి పెంచడానికి వీధిని ఎంచుకున్న నేను ఎదురుగా ఉన్న పళ్ళు చూసి కూడా చూడలేదు. మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఫోటోల్లో ఇవాళ్టికీ పెదవులు మూసుకునే నవ్వుతాడు.

కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. మన నల్లగొండ, ప్రకాశం జిల్లాల వారికి ఈ బాధ కొత్తది కాదు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు గరిష్ఠంగా ఒకటిన్నర వరకు ఫరవాలేదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. దీనికి రంగు లేదు, వాసన లేదు. కాస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఎనిమిదేళ్ళలోపు, చిగురు లోపల పళ్ళు తయారయ్యే వయసులోనే ఇది మచ్చ వేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంటికి నీళ్ళు మొదటి లెక్క అని నేననేది అందుకే.

ఈ బాధ తీర్చడానికే జపాన్ రుణ సాయంతో హొగేనకల్ పథకం కట్టి, కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు తెచ్చారు. 2013 మే 29న దాన్ని ప్రారంభించారు. కనుక ఈ జిల్లాలో ఇల్లు చూసేవారు అడగవలసిన మొదటి ప్రశ్న: తాగడానికి వచ్చేది హొగేనకల్ నీళ్ళా, బోరు నీళ్ళా? కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది? వేసవిలో ఏం చేస్తారు? బోరే దిక్కయితే ఒక సీసాలో నీళ్ళు పట్టి పరీక్షకు ఇవ్వండి. నీటి బోర్డు పరీక్షాశాలలు జిల్లా కేంద్రాల్లో ఉన్నాయి. ఫ్లోరైడు ఎక్కువని తేలితే మంచి ఆర్‌ఓ యంత్రం దాన్ని తగ్గిస్తుంది. తాగడానికే కాదు, వంటకూ ఆ నీళ్ళే వాడాలి.

తరువాత బడి

1929లో అమెరికాలో క్లారెన్స్ పెర్రీ అనే ఆయన, పేట అంటే ఎంత ఉండాలో ఒక కొలత చెప్పాడు. నడుమ ప్రాథమిక పాఠశాల ఉండాలి, పిల్లవాడు పెద్ద రోడ్డు దాటకుండా నడిచి అక్కడికి చేరాలి. మన విద్యాహక్కు చట్టం కింద చేసిన నియమాల్లోనూ అయిదో తరగతి వరకు కిలోమీటరు లోపల బడి ఉండాలన్నారు. హోసూరుకు ఈ సూత్రం మరీ అవసరం. పాతకాలపు 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44, ఊరి మధ్యగా పోతుంది. ఇల్లు ఒక వైపు, బడి ఒక వైపు అయితే పసిబిడ్డ రోజుకు రెండుసార్లు లారీల మధ్య రోడ్డు దాటాలి, లేదా గంటసేపు బడి బస్సులో తిరగాలి.

రెండో సంగతి భాష. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తెలుగు వినబడని వీధి తక్కువ. అంతమాత్రాన బడిలో తెలుగు ఉందనుకోకండి. తమిళనాడు 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల పిల్లలకు పదో తరగతి పరీక్షలో మినహాయింపు సంగతి కోర్టులదాకా వెళ్ళింది. జూజువాడి దాటి అత్తిబెలెలో ఇల్లు తీసుకుంటే, అక్కడ 2015 నాటి చట్టం ప్రకారం కన్నడం తప్పనిసరి. ఏ భాష నేర్చినా పిల్లలకు మేలే. తమిళం, కన్నడం రావడం మా ప్రాంతపు వారికి ఆస్తి. అయితే ఫీజు కట్టేముందు ఒక ప్రశ్న అడగండి: "మీ బడిలో తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉందా? ఎన్నో తరగతిదాకా?" లేదంటే ఆ పని ఇంట్లో మీరే చెయ్యాలి. అప్పుడు పక్కింట్లో తెలుగు మాట్లాడే అవ్వ ఉండటం ఒక అదనపు పంతులమ్మ ఉన్నట్టే.

రాష్ట్రపు ఎల్లకు ఏ వైపు అన్న ప్రశ్న బడితో ఆగదు. రేషను కార్డు, ఓటు, బండి రిజిస్ట్రేషను అన్నీ దానితో మారతాయి. వేరే రాష్ట్రపు బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే మళ్ళీ రిజిస్ట్రేషను చేయించాలి.

వైద్యుడు, దారి

వైద్యుడు ఎంత దూరమో పగలు లెక్క వేయకండి. రాత్రి రెండు గంటలకు పిల్లకు నూటమూడు జ్వరం వస్తే, ఇద్దరూ బండెక్కి పిల్లల డాక్టరున్న ఆస్పత్రికి ఎన్ని నిమిషాల్లో చేరతారు? దారిలో దీపాలున్నాయా? 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పుట్టిన 108 అంబులెన్సు ఇవాళ తమిళనాట కూడా ఉంది. కానీ కొత్త లేఅవుట్లలో వీధికి పేరూ, ఇంటికి నంబరూ లేక అది దారి తప్పి తిరుగుతుంది. ఇంటికి చిరునామా చెప్పడం సులువా అన్నది కూడా చూడవలసినదే. కృష్ణగిరి వైపు ఉండేవారికి 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, అది పెద్ద ఊరట.

"ఇల్లు మారకుండా కుందారపల్లిలోనే ఉండి అల్లుడు రోజూ పోయిరాకూడదా?" అని మా తమ్ముడు అడిగాడు. మనవరాలి మీద మమకారం! కాగితం మీద లెక్క వేశాం. ఇక్కడినుంచి హోసూరు సుమారు 40 కిలోమీటర్లు. రాకపోకలు 80. నెలకు 25 రోజులకు 2,000 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండికి 40 లీటర్ల పెట్రోలు, సుమారు 4,000 రూపాయలు. అద్దెతో పోలిస్తే అది చవకే. కాలం సంగతి వేరు. రోజుకు రెండున్నర గంటలు దారిలోనే పోతే నెలకు అరవై గంటలు దాటుతుంది. అంటే రెండున్నర రోజులు, రాత్రీ పగలూ కలిపి. పాప మేలుకుని ఉండే సమయం అందులోనే పోతుంది. తమ్ముడు మరి మాట్లాడలేదు.

చివరికి అప్పు

ఇది చెప్పేది అప్పులిచ్చే శాఖవాడు కాబట్టి నమ్మండి: కొత్త ఊళ్ళో అడుగుపెట్టిన ఏడాదిలో ఇల్లు కొనకండి. తమిళనాట స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషను రుసుము 2023 ఏప్రిల్ నుంచి 2 శాతం. 40 లక్షల ఇంటికి 3 లక్షల 60 వేలు ఆ ఒక్కరోజే పోతాయి. ఆరు నెలల్లో వీధి నచ్చలేదని అమ్మితే అవి తిరిగి రావు. 30 లక్షల అప్పు ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 26,000 కట్టాలి. మొత్తం కట్టేది 62 లక్షల పైచిలుకు. ఇంత పెట్టి తెలియని వీధిని కొనడం ఎందుకు? ఏడాది అద్దెకు ఉంటే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూస్తారు. అద్దెకు కూడా కాగితం రాయించుకోండి. 2019 ఫిబ్రవరిలో అమలుకు వచ్చిన అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఉంటే తప్ప, అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు.

స్థలం కొనేవారికి ఒక హెచ్చరిక. అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లు రిజిస్టరు చెయ్యవద్దని మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. 2016 అక్టోబరు 20కి ముందున్న వాటిని క్రమబద్ధం చేయడానికి 2017లో ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. కనుక డీటీసీపీ అనుమతి నంబరు, పట్టా, ఇక్కడ విల్లంగం అనే ఈసీ, రెరా నమోదు చూడకుండా బయానా ఇవ్వకండి. అనుమతి లేని లేఅవుట్‌లో రోడ్డు, కాలువ, కుళాయి దేనికీ జవాబుదారీ ఉండడు. పార్కని చూపించిన స్థలం మరుసటి ఏడాదికి మాయమైనా అడిగే దిక్కుండదు.

వీధిని చూడటం ఎలా

మా అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఒకే వీధికి మూడుసార్లు వెళ్ళండి. పొద్దున ఏడింటికి వెళితే కుళాయి దగ్గర బిందెల వరస, బడి బస్సులు కనబడతాయి. సాయంత్రం ఆరింటికి వెళితే పిల్లలు బయట ఆడుతున్నారో, తలుపులన్నీ మూసి ఉన్నాయో తెలుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి వెళితే దీపాలు, కుక్కలు, సారాయి దుకాణం, ఫ్యాక్టరీల వాసన అన్నీ తెలుస్తాయి. ఇంటి యజమానిని అడగకండి, ఆయనకు ఇల్లు అద్దెకు పోవాలి. బ్రోకరును అసలే అడగకండి. చిల్లర అంగడివాణ్ణి, ఇస్త్రీ బండివాణ్ణి, ఎదురింటి అవ్వను అడగండి. అడిగినవాళ్ళకే చెబుతారు. అడగని నాకు ఎవరూ చెప్పలేదు.

అమ్మాయి, అల్లుడు అలాగే తిరిగారు. మొదటిది రాయకోట రోడ్డు వైపు కొత్త ఇల్లు. చూడముచ్చటగా ఉంది, అమ్మాయి మనసు దానిమీదే. బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు, బడి నాలుగు కిలోమీటర్లు. రెండోది రహదారి పక్కన ఫ్లాటు. అన్ని హంగులూ ఉన్నాయి, పిల్ల కిందికి దిగాలంటే పెద్దవాళ్ళు తోడు రావాలి. మూడోది పాత హౌసింగ్ బోర్డు కాలనీలో మేడమీది వాటా. వంటిల్లు ఇరుకు, బండి వీధిలోనే పెట్టాలి. కానీ కుళాయికి కావేరి నీళ్ళు, బడికి పది నిమిషాల నడక, కింద వాటాలో తెలుగు మాట్లాడే ముసలి దంపతులు.

మూడోదే తీసుకున్నారు. అమ్మాయి సంతోషంగా ఒప్పుకోలేదన్న మాట దాచను. "మీ అందరికీ పాప గురించే. వంట చేసేది నేను కదా" అంది. న్యాయమైన మాటే. ఏడాది గడిచాక, ఆ చుట్టుపక్కలే కాస్త పెద్ద వంటిల్లున్న ఇల్లు చూడాలని అనుకున్నాం.

కార్తీకమాసంలో పాలు పొంగించారు. పోయిన వారం ఫోన్లో అమ్మాయి ఒక సంగతి చెప్పింది. వెనక వీధిలో ఇల్లు చూడటానికి ఒక చిన్న జంట వచ్చారట, చంకలో బిడ్డతో. ఆ ఇంటికి కుళాయి కలపలేదు, బోరే. వాళ్ళు గదులు చూసుకుని, అద్దె మాట్లాడుకుని వెళ్ళిపోతుంటే మా అమ్మాయే మేడ దిగి వెళ్ళి పిలిచి చెప్పిందట.

"వాండ్లు అడగలేదు పెదనాయనా. అయినా చెప్పినాను" అంది.

మన సంఘం సభ్యులు ఈ ప్రాంతంలో చాలా పేటల్లో ఉన్నారు. కొత్తగా వచ్చిన కుటుంబం మీ వీధిలో ఇల్లు చూస్తూ కనబడితే, అడిగినా అడగకపోయినా, నీళ్ళ సంగతి ఒక్కటి చెప్పి పంపండి.